బావి నాలుక

నా దినచర్య పుస్తకాలు ముందు పెట్టుకుని, జరిగిన అన్యాయాలను వాటిలో ఉన్న వరుసలోనే ఎత్తి రాస్తున్నాను.

1944 జనవరి. వాచకాల సంఘం తరఫున ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చి, మా అక్క చెప్పే బావి కథను పట్టపగలు చెప్పించబోయాడు. ఆమె చెప్పనన్నది. దీపాలు పెట్టేదాకా ఆయన ఆగలేదు.

1944 ఫిబ్రవరి. ఆయన కోరిక మీద ఆ కథకు శుభ్రమైన ప్రతి రాసి, నాలుగో తరగతి వాచకం కోసం పంపాను. అందినట్టు ఒక్క ముక్క రాలేదు.

1945 జూన్. వాచకం బడికి వచ్చింది. కథలో ఉండవలసిన కాకులు లేవు. గిలక లేదు. లోపలి నుంచి పిలిచే గొంతు లేదు. చల్లారని సంగటి లేదు. వాటి స్థానంలో ఒక తామరపువ్వు ఉంది.

1945 జూలై. కారణం అడుగుతూ ఉత్తరం రాశాను. సెప్టెంబరులో రెండు వాక్యాల కార్డు వచ్చింది.

1945 ఆగస్టు. నా ఉత్తరానికి జవాబు రాకమునుపే, మా ఊరి పిల్లలు మా అక్కతో "నువ్వు కథ తప్పు చెప్తున్నావు" అన్నారు. ఆమె ఆ సాయంత్రంతో కథ చెప్పడం మానేసింది.

1946 నవంబరు. నా కూతురి కూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల, తామరపువ్వు కోసం పాడుబడిన దిగుడుబావిలోకి దిగింది.

1947 మార్చి. అదే వాచకం అదే కథతో, అదే బొమ్మతో రెండోసారి అచ్చుకు పోతున్నదని తెలిసింది. జూన్‌లో బడులు తెరిచేనాటికి అది జిల్లాలోని ఊరూరికీ చేరుతుంది. ఊరూరా ఒక పాడుబావి ఉంది. నేను ఈ వయసులో కలం పట్టి కూర్చున్నది ఈ ఒక్క కారణానికే.

పై వరుసలో ఒక తప్పు నాది. దాన్ని దాచను. దాని చోటు వచ్చినప్పుడు చెప్తాను.

మా ఊరు పాకాలకు రెండు కోసుల దూరం. ఊరికీ బడికీ మధ్య చింతతోపు, తోపు చివర ఆ దిగుడుబావి. నా చిన్ననాటికే అది పాడుపడింది. ఒక పక్క గిలక స్తంభాలు మొండిగా నిలిచి ఉంటాయి, ఇంకో పక్క మెట్లు. ఎండాకాలంలో ఇరవై ఏడు మెట్లు లెక్కపెట్టవచ్చు. కార్తీకం వానలకు పదకొండుకు మించి కనపడవు. ముప్ఫై ఏళ్ళు ఆ బడిలోనే పాఠాలు చెప్పి, 1942లో ఉద్యోగం చాలించాను. ముప్ఫై ఏళ్ళూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ బావి పక్కగానే నడిచాను. పిల్లలు మాత్రం ఆ దోవన వచ్చేవారు కారు. తోపు చుట్టు తిరిగి వచ్చేవారు. ఎందుకని నేను ఎన్నడూ అడగలేదు. ఎవరో కట్టిన కంచె వెనక కూర్చుని పాఠం చెప్పినవాడిని నేను. ఆ కంచె కట్టింది మా అక్కేనని 1943లో గాని నాకు అర్థం కాలేదు.

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. అక్షరం రాదు. శనక్కాయలు ఇంటికి వచ్చే కాలంలో, పొద్దుగూకే వేళ, మా ఇంటి ముందు తిన్నె మీద చేటతో కూర్చుని కాయలు వలిచేది. వాడలోని పిల్లలంతా చుట్టూ చేరి, కాళ్ళు తిన్నె అంచు నుంచి వేలాడేసుకుని, వలిచి కొంత తిని కొంత వేసేవారు. యుద్ధకాలం. కిరసనాయిలు చీటీల మీద ఇచ్చేవారు. ఇంటికంతటికీ వంటింట్లో ఒకే ఒక బుడ్డి వెలిగేది. తిన్నె మీదికి ఆ వెలుగు వాకిలి దాటి ఒక చారగా మాత్రమే వచ్చేది. ఆ చీకటి మా అక్క కథకు సగం పనిముట్టు.

మిగతా సగం "ఊ". కథ చెప్పేటప్పుడు వినేవాళ్ళు వాక్యం వాక్యానికీ ఊ కొట్టాలి. ఇది అందరికీ తెలిసిన ఆచారమే. మా అక్క దాన్ని చట్టంగా పాటించేది. ఊ రాకపోతే కథ ఆ అక్షరం దగ్గరే ఆగిపోయేది. "ఏం, నిద్దరపోయినారా?" అని కూడా అడిగేది కాదు. కాయలు వలుస్తూ ఊరుకునేది.

ఉద్యోగం మానుకున్నాక నాకు చేతినిండా తీరిక. 1943 కార్తీకంలో ఆ కథను పుస్తకంలోకి ఎక్కించాలనుకున్నాను. వాకిలిగడప మీద, వెలుగు చార పడే చోట కూర్చుని ఆమె మాటను మాటగా రాశాను. ఆ పుటలు ఇప్పుడు నా ముందు ఉన్నాయి.

"మీ తాత పుట్టకముందు, మీ తాతకు తాత పుట్టినంక, ఒక ఊరుండేది. ఊర్లో ఒగమ్మ. అమ్మకొక కూతురు. ఆ బిడ్డ పొద్దుగూకే యాళకు నీళ్ళకు పోయి, కడవ ఆన్నే మర్సిపోయి ఇంటికొచ్చింది."

"ఊ."

"'తెల్లారి తెచ్చుకుందాం లేమ్మా' అనింది అమ్మ. బిడ్డ ఇన్లా. అమ్మ సంగటి ముద్ద కంచంలో పెడతా ఉండంగానే, ఎనక వాకిట్లోనించి పాయ."

"ఊ."

"బావికాడ యాపమాను. ఎప్పుడూ మానునిండా కాకులుంటాయి. ఆ పొద్దు ఒగటీ ల్యా. అన్నీ పోయి పక్కనుండే ముండ్లకంప మింద కూసోనుండాయి. ముండ్లు గుచ్చుకుంటాండాయి, అయినా మాను మిందికి పోవు. అరవవు. బిడ్డనే సూస్తాండాయి."

"ఊ."

"గిలకకు తాడు ల్యా. తాడు ల్యాకనే తిరగతాండాది. కిర్రు... కిర్రు... పాలకేడ్సే సంటిబిడ్డ మాదిరి."

"ఊ."

"మెట్లు దిగదామని కాలు సాపింది. సూస్తే, అవి మెట్లు కావు. నాలుక. నల్లగా, తడిగా, బావి నోట్లోనించి బయటికి ఏలాడతాండాది. ఊరంతా వానల్లేక పగిలిపోయుండాది. నాలుక మాత్రం తడి ఆరలా."

ఇక్కడ కొంతమందే ఊ అన్నారు.

"లోపల్నించి అమ్మ గొంతు. 'సంగటి సల్లారిపోతాండాది, రామ్మా.' ఊర్లోనించి అమ్మ గొంతు. 'సంగటి సల్లారిపోతాండాది, రామ్మా.' ముందర ఒగటి, ఎనక ఒగటి. ఒగే గొంతు."

ఎవరూ ఊ అనలేదు. మా అక్క కాయలు వలుస్తూ కూర్చుంది. చాలాసేపటికి చాకలివాళ్ళ చిన్నపిల్ల, అందరికంటే చిన్నది, సన్నగా "ఊ" అన్నది. అప్పుడు కథ కదిలింది.

"బిడ్డ ముందర గొంతుకే పాయ. కాలు పెట్టింది. నాలుక ముడుసుకునింది."

తర్వాత మా అక్క గొంతు మామూలుగా అయిపోయింది, ఇంటి సంగతి చెప్తున్నట్టు.

"అమ్మ కంచం ముందర కూసోనుండాది. సంగటి మింద పొగలొస్తాండాయి. బిడ్డ రాలా. పొగలు ఆగలా. ఇది సల్లారితే లేస్తానని కూసునింది అమ్మ. అది సల్లారలా. ఇంకా ఆడనే కూసోనుండాది."

అంతే కథ. నీతి లేదు. మా అక్క చేట విదిలించి లేచేది. పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఇళ్ళకు పోయేవారు.

నాలుగు సాయంత్రాలు ఆ కథ విని, పక్కన ఒక గీత గీసి, ఏ మాట దగ్గర పిల్లలు ఏం చేశారో రాశాను. కాకుల దగ్గర ఊ గట్టిగా, ఒక్క గొంతుగా వచ్చింది. గిలక దగ్గర, ఒళ్ళో తమ్ముణ్ణి పెట్టుకున్న పిల్ల వాడిని దగ్గరికి లాక్కుంది. నాలుక అన్న క్షణాన తిన్నె అంచు నుంచి వేలాడే కాళ్ళన్నీ పైకి ముడుచుకున్నాయి. ఎవరూ చెప్పలేదు. నాలుగు సాయంత్రాలూ అలాగే జరిగింది. సంగటి దగ్గర తలలన్నీ ఒక్కసారిగా వెనక్కి, వెలుగు చార వచ్చే వంటింటి వైపు తిరిగాయి. అక్కడ ఆ సమయానికి మా ఇంటి సంగటి పొయ్యి మీద నుంచి దిగి పొగలు కక్కుతూ ఉంది.

ఆ గీతలు చూసుకున్నాక నాకు తెలిసింది ఇది. ఆ కథలో దయ్యం లేదు, రాక్షసి లేదు, రక్తం లేదు. కాకి, గిలక, మెట్టు, అమ్మ గొంతు, కంచంలో సంగటి. ప్రతిదీ పిల్లలకు పుట్టినప్పటి నుంచి తెలిసిందే. ప్రతిదీ తన స్వభావం నుంచి ఒక్క వెంట్రుకవాసి జరిగి ఉంది, అంతే. కూర్చోవలసిన చోట కూర్చోని కాకి, ఆగవలసినప్పుడు ఆగని గిలక, చల్లారవలసినప్పుడు చల్లారని సంగటి. దయ్యం కథ విన్న పిల్ల ఇంటికి చేరగానే భయం మరిచిపోతుంది, ఇంట్లో దయ్యం ఉండదు కాబట్టి. ఈ కథ విన్న పిల్లకు ఇంట్లో సంగటి ఉంటుంది. తెల్లారి బడి దోవలో మెట్లు ఉంటాయి. పోలిక అక్కడ కాపలా కాస్తుంది.

ఇంకొక మాట కూడా ఆ పుటలోనే రాసి ఉంది. భయం ముందుకు పోవాలంటే పిల్లలే ఊ అనాలి. వాళ్ళు మోయగలిగినంత వరకే ఆమె మోపేది. దీన్ని గుర్తు పెట్టుకోమని చదివేవారిని కోరుతున్నాను. తర్వాత దీనితో పని ఉంది.

జనవరిలో వచ్చిన పెద్దమనిషి పాకాలలో రైలు దిగి, ఎద్దుల బండి మాట్లాడుకుని, పదకొండు గంటలకు మా ఇంటికి చేరాడు. మర్యాదస్థుడే. తువ్వాలుతో తిన్నె దులుపుకుని కూర్చున్నాడు.

"మాస్టారూ, అక్కగారిని ఒక్కసారి చెప్పమనండి. మూడు గంటల బండి అందుకోవాలి."

మా అక్క వాకిలి వెనక నిలబడి జవాబిచ్చింది. "పగలు కత సెప్తే మేనమామ దోవ తప్పుతాడు. సెప్పను."

నేను నవ్వాను. "నీకు మేనమామలే ల్యారు కదక్కా. ఎవరు దోవ తప్పాల?"

"నాకు ల్యాకపోతే పాయ. ఇనేవాళ్ళకు ఉండరా? ఆయనకు ల్యాడా?"

ఆయన కూడా నవ్వాడు. "మా మేనమామ ప్లీడరండీ. ఊళ్ళో వాళ్ళందరికీ దారి చూపించేది ఆయనే."

"అట్లయితే నువ్వే సూసుకో నాయనా. దీపాలు పెట్టినంక సెప్తా. కూసో, సంగటి తిందువు, కత ఇందువు. పొద్దున్నే పోదువు."

ఆయన గడియారం చూసుకున్నాడు. అప్పుడు నేను, ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతు కదా అన్న ధీమాతో, నా పుస్తకం తీసి పట్టపగలు ఆ కథ చదివి వినిపించాను. ఎండ ఫెళ్ళున కాస్తోంది. పెరట్లో నిజమైన కాకులు అరుస్తున్నాయి. ఆయన ఊ కొట్టలేదు. ఆ ఆచారం ఆయనకు తెలియదు. నేనూ ఆగలేదు. నాలుక దగ్గరికి వచ్చేసరికి ఆయన మర్యాదగా నవ్వాడు.

"నాలుకేమిటి మాస్టారూ, పసిపిల్లల పుస్తకంలో! మెట్లను మెట్లనే అనండి."

ఎండలో నాకూ ఆ మాట కొంచెం మోటుగానే తోచింది. ఇదీ నేను చెప్తానన్న తప్పు. ఫిబ్రవరిలో శుభ్రమైన ప్రతి రాసేటప్పుడు, నా చేత్తో, నా సిరాతో, నాలుకను కొట్టేశాను. "నాచుపట్టిన సోపానములు" అని రాశాను. రాసి, బాగుందనుకున్నాను. కథను మొదట కత్తిరించినది సంఘం కాదు. సంఘానికి దారి చూపింది నేను.

1945 జూన్‌లో పుస్తకం వచ్చింది. అచ్చులో కథ ఇలా ఉంది: "ఆ బావి యొద్ద చల్లని గాలి వీచుచుండెను. బాలిక సోపానములు దిగెను. నీటిలో నొక తామరపువ్వు నవ్వుచుండెను. బావి సంతసించి ఆమెకు బంగారు కడవ నొసగెను. నీతి: మరచిన వస్తువును మరల తెచ్చుకొనవలెను." నా సోపానములు ఉన్నాయి. వాటి మీది నాచు కూడా పోయింది. పక్కన బొమ్మ. మెట్టు మీద కూర్చుని చెయ్యి చాపిన పిల్ల, అందీ అందకుండా పువ్వు.

కార్డులో రాసింది ఇది: కాగితపు కొరత వలన కథను కుదించవలసి వచ్చినది. బాలలకు భీతి గొలుపు వర్ణనలు తొలగింపబడినవి.

కాగితపు కొరత నాకు తెలుసు. ఆ ఏడు నేను కూడా పాత పుస్తకాల వెనక వైపు రాసుకున్నాను. కాని కొరత నాలుగు వాక్యాలను తీసేసి, వాటి చోట నాలుగు వాక్యాలను, ఒక బొమ్మను ఎలా పెట్టింది?

కార్డు కంటే ముందే జరిగిన ఆగస్టు సాయంత్రం నా కళ్ళముందే జరిగింది. తిన్నె మీద పాత చోటే. మా అక్క నాలుక దాకా వచ్చింది. ఊ రాలేదు. ఆమె ఆగింది. భయానికి ఆగారనుకుంది.

"అవ్వా, తప్పు సెప్తాండావు" అన్నది ఒక పిల్ల. "పుస్తకంలో నాలుక ల్యా."

"ఏముండాది మరి?"

"తామరపువ్వుండాది. బావి బంగారు కడవ ఇస్తాది."

"ఎవురికిస్తాది?"

"మంచి పిల్లకి."

"అట్లనా. మీలో మంచి పిల్ల ఎవురు?"

చేతులన్నీ లేచాయి. రెండేళ్ళ కిందట అందరికంటే ఆఖరున ఊ అన్న చాకలివాళ్ళ పిల్ల చెయ్యి కూడా లేచింది. ఆ మసకలో పైకి చాపిన ఆ చేతులు వాచకంలోని బొమ్మలాగే ఉన్నాయని నాకు అనిపించింది. మా అక్క వాటిని కాసేపు చూసింది.

"అందురూ మంచోళ్ళే. ఇంగ నాతో పనేముండాది" అని చేట దులుపుకుని లోపలికి పోయింది.

మరునాడు పొద్దున మా ఇంటి ముందు నుంచి బడికి పోయే పిల్లలను గమనించాను. తోపు చుట్టూ కాకుండా నేరుగా, బావి పక్కగా పోయారు. నేను ఆ రోజు పుస్తకంలో ఆ సంగతి రాశాను. రాసి ఊరుకున్నాను. రాయడమే చేయడమనుకునే జబ్బు నాకు ఉంది.

నా మనవరాలు 1946 జూన్‌లో మా ఇంటికి వచ్చింది. తండ్రి గూడూరులో రైల్వే పని. తల్లికి ఒంట్లో బాగుండక పిల్లను మా దగ్గర నాలుగో తరగతిలో వేశారు. ఆ పిల్ల మా అక్క నోట కథ ఒక్కటీ వినలేదు. వాచకం మాత్రం అప్పజెప్పేది. బావి పాఠం చదివేటప్పుడు "తాతా, మన బావిలో కూడా పువ్వుండాదా?" అని ఒకసారి అడిగింది. "చదువు, చదువు" అన్నాను.

నవంబరులో వానలు మూడు రోజులు కురిసి ఆ సాయంత్రం వెలిసింది. బడి విడిచి చాలాసేపయింది. పిల్ల రాలేదు. మా అక్క కంచంలో సంగటి పెట్టి, వాకిలి వైపు చూసి, మళ్ళీ కంచం వైపు చూసింది. దాని మీద పొగలు లేస్తున్నాయి. ఆమె చెప్పులు లేకుండా లేచి, బడి వైపు కాదు, నేరుగా తోపు చివరికి నడిచింది. నేను లాంతరు పట్టుకుని వెనక పరుగెత్తాను.

బావి దగ్గర గాలి లేదు. గిలక స్తంభాలు తడిసి నల్లగా ఉన్నాయి. లాంతరు వెలుగు మెట్ల మీద పడింది. ఆ క్షణాన నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను. అవి సోపానములు కావు. నల్లగా, తడిగా, నున్నగా, మధ్యలో కొంచెం పల్లంగా, చీకట్లోకి వంగి పోతున్న ఒకే ఒక్క నాలుక. మూడేళ్ళ కిందట నా చేత్తో నేను కొట్టేసిన మాట అక్కడ నా కోసం కనిపెట్టుకుని ఉంది.

తొమ్మిదో మెట్టు మీద పిల్ల. కుడిచెయ్యి ఒంటి కింద మడతపడి ఉంది. నీళ్ళు ఇంకో రెండు మెట్ల కింద. మా అక్క కూర్చుని, ఒక్కొక్క మెట్టే జరుగుతూ దిగి, పిల్లను ఒళ్ళోకి తీసుకుంది.

"తాతా, పువ్వు ల్యా" అన్నది పిల్ల.

"చీకటి పడతాంటే ఎందుకు దిగితివమ్మా?"

"పైనించి సూసి పోదామనుకున్యా. అవ్వ లోపల్నించి పిలిసింది. సంగటి సల్లారిపోతాండాది రమ్మనింది."

ఆ మాట వాచకంలో లేదు. ఆ పిల్ల ఆ కథ వినలేదు. మా అక్క రోజూ పిల్లను అన్నానికి పిలిచే మాటే అది కావచ్చు. పడిన నొప్పిలో ముందువెనకలు తారుమారయి ఉండవచ్చు. నా పుస్తకంలో పిల్ల అన్నది మాత్రం రాశాను. అర్థం రాయవలసిన చోటు ఖాళీగా ఉంచాను.

ఇంటికి తెచ్చి పిల్లను పడుకోబెట్టాక, మా అక్క చెయ్యి కూడా కడుక్కోకుండా కంచం దగ్గరికి పోయి, సంగటి ముద్ద మీద వేళ్ళు పెట్టింది.

"సల్లారింది" అన్నది. "సల్లారిపోయింది రా" అని, అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది. మా బావ పోయిన నాడు కూడా ఆమె అలా ఏడవడం నేను చూడలేదు.

అరవై ఏళ్ళు నాకు చెప్పని సంగతి అప్పుడు చెప్పింది. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు, పక్కింట్లో ఆమె ఈడు పిల్ల ఒకతె కడవ కోసమని సందెవేళ పోయి తిరిగి రాలేదు. ఇద్దరూ కలిసి పోవలసింది. మా అక్కను మా అమ్మ ఆపింది.

"ఆ బిడ్డను బయటికి తీసేటప్పుడు అందురూ బావికాడికి పాయిరి. నేను ఆ యింట్లోకి పోతి. వాళ్ళమ్మ కంచం ముందర కూసోనుండాది. సంగటి మింద పొగలు. 'అది సల్లారకముందే వస్తాదిలే పాప' అనింది నాతో. కతలో నేను కల్పించింది ఏమీ ల్యా రా. కాకులు ఆ పొద్దు నిజంగానే కంప మింద కూసోనుండె. పిల్లోళ్ళు కాళ్ళు ఎనక్కి తీసుకోవాలని సెప్తా వస్తి. ఇన్నేండ్లూ ఒగరూ పోలా."

"నాకు ముందే ఎందుకు సెప్పలా?"

"నువ్వు రాసుకుంటావని" అన్నది.

మరునాడు పాకాలలో రైలెక్కి, రేణిగుంటలో బండి మారి, పుత్తూరు పోయాం. కట్టు కట్టే పెద్దాయన చెయ్యి తడిమి, ఆకుపసరు పట్టించి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టాడు. "యాడ పడితివి తల్లీ?" అంటే పిల్ల "బంగారు కడవకాడ" అన్నది. ఆయన నవ్వాడు. మేము నవ్వలేదు. మూడు కట్లకు ఎముక చక్కగా అతికింది. అయితే ఆ పిల్ల ఇప్పటికీ పెరట్లో తొట్టి దగ్గరికి పోయేముందు, అవ్వ ఇంట్లోనే ఉన్నదా అని ఒకసారి తొంగి చూసి పోతుంది. పగటిపూట కథ చదివిన పాపానికి, మా అక్క చెప్పినట్టే ఒకరు దోవ తప్పారు. మేనమామ కాదు, మనవరాలు.

సంక్రాంతి దాటాక మా అక్క మళ్ళీ తిన్నె మీద కూర్చుంది. పిల్లలు వచ్చారు. నాలుక దగ్గర ఎవరూ తప్పనలేదు. నా మనవరాలు తన చెయ్యి తాను పట్టుకుని కూర్చుంది. రెండు గొంతుల దగ్గర ఊ ఆగింది. చాలాసేపు ఆగింది. చివరికి ఊ అన్నది ఆ పిల్లే. మా ఊరి కంచె మళ్ళీ నిలబడింది. మా అక్కకు డెబ్బై దాటాయి. తక్కిన ఊళ్ళకు మా అక్క లేదు, మీ వాచకం మాత్రమే ఉంది.

కనుక వాచకాల సంఘం వారికి ఇందుమూలముగా తెలియజేయునది.

కథ పూర్తి పాఠాన్ని, మా అక్క చెప్పిన మాటలతోనే, ఈ కాగితాలకు జతచేశాను. అందులో "నాచుపట్టిన సోపానములు" అన్న నా మాటను నేనే కొట్టివేసి, "నాలుక" అని రాసి, పక్కన చేవ్రాలు చేశాను. నా తప్పుకు నా జవాబు అది. మీ జవాబు నాకు కాగితం మీద కావాలి. కాకులను, గిలకను, గొంతును, సంగటిని తొలగించమన్నది ఎవరు? వారు ఆ కథను ఒక్కసారైనా సందెవేళ విన్నారా? లేని తామరపువ్వును బావిలో పెట్టినది ఎవరి అధికారంతో? రెండో కూర్పులో జతచేసిన పాఠం వేస్తారా, లేక ఆ పాఠాన్నీ బొమ్మనూ పూర్తిగా తీసివేస్తారా?

ఈ నాలుగింటికీ విడివిడిగా, బాధ్యుల చేవ్రాలుతో, పుస్తకం అచ్చుకెక్కక ముందే లిఖితపూర్వకంగా బదులు ఇవ్వవలసిందని కోరుతున్నాను. నోటిమాట చెల్లదు. రెండు వాక్యాల కార్డు చెల్లదు. మా ఇంట ఊ అననిదే కథ ముందుకు సాగదు. మీ మౌనాన్ని నేను ఊ అని నమోదు చేయను.